ఇంజిన్ తిరుగుతోంది, ఇంజినీరు చేతులు ఖాళీగా ఉన్నాయి

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం గురించి ఉన్నాయి. పలువురు కలిసి ఆడే అంతరిక్ష కేంద్రం ఆటలో ఇంజినీరు పాత్రకు తగినంత పని ఎలా కల్పించాలన్నదే ఆ విషయం. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ శీర్షికను పూర్తిగా ఈ నాలుగింటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. మేము కూకట్‌పల్లిలో ఒకే హాస్టల్లో ఉంటున్న ఆరుగురు బి.టెక్ విద్యార్థులం. స్పేస్ స్టేషన్ 13, స్పేస్ స్టేషన్ 14 ఆటలను రెండేళ్లుగా ఆడుతున్నాం. ఇప్పుడు చిన్న స్థాయిలో అలాంటి ఆటనే సొంతంగా తయారు చేస్తున్నాం. ఇంజినీరుగా ఆడేవారు మొదటి పదిహేను నిమిషాల్లో ఇంజిన్‌ను అమర్చి, ఆ తర్వాత గంటసేపు ఏ పనీ లేక వరండాల్లో తిరుగుతున్నారు. ఎవరైనా గోడకు బాంబు పెడితే తప్ప వారి అవసరం ఎవరికీ కలగడం లేదు. ప్రతి ఐదు నిమిషాలకూ ఏదో ఒక యంత్రం పాడయ్యేలా చేస్తే ఈ సమస్య తీరుతుందా?
– విద్యార్థి బృందం, కూకట్‌పల్లి

జవాబు: తీరదు. అలా చేస్తే ఇప్పుడున్న విసుగు పోయి దాని స్థానంలో చిరాకు వస్తుంది. ఖాళీగా ఉన్న మనిషికి పని ఇవ్వడం వేరు, ఊపిరాడకుండా పరుగులు పెట్టించడం వేరు. మీ ఇంజినీరుకు కొరవడింది మరమ్మతులు కావు. అతని చేతిలో నిర్ణయం లేదు, ఆ నిర్ణయం కోసం అతని దగ్గరికి వచ్చే మనుషులూ లేరు.

ఈ ఆటలు తెలియని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు చెప్పాలి. స్పేస్ స్టేషన్ 13 అనే ఆట 2003లో బియాండ్ అనే వేదిక మీద వచ్చింది. గదుల్లో గాలి, ఇతర వాయువులు ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టే ప్రయోగంగా మొదలై, ఎందరో ఔత్సాహికుల చేతుల్లో పెరిగి పెద్దదై, పదుల కొద్దీ ఆటగాళ్లు ఒకే కేంద్రంలో తలా ఒక ఉద్యోగం చేస్తూ, తమ మధ్యనే దాగి ఉన్న ద్రోహి నుంచి తమను తాము కాపాడుకుంటూ సాగే ఆటగా అది స్థిరపడింది. స్పేస్ స్టేషన్ 14 అదే ఆటను ఓపెన్ సోర్స్ పద్ధతిలో, సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరిగి నిర్మిస్తున్న ప్రయత్నం. రెండింటిలోనూ ఇంజినీర్ల మొదటి బాధ్యత కరెంటు. సింగులారిటీ ఇంజిన్‌నే తీసుకుంటే, నడుమ ఒక చిన్న కృష్ణబిలం, దానిని బంధించి ఉంచే క్షేత్రం, ఆ క్షేత్రాన్ని నిలబెట్టే యంత్రాలకు శక్తి కిరణాలను పంపే ఎమిటర్లు, వెలువడే రేడియేషన్‌ను కరెంటుగా మార్చే కలెక్టర్లు ఉంటాయి. అనుభవజ్ఞుడైన ఆటగాడికి ఇదంతా అమర్చడానికి పావుగంట చాలు. ఒకసారి సరిగా అమర్చితే, ఎవరూ కావాలని చెడగొట్టనంత వరకు, అది కేంద్రం మొత్తానికి సరిపోయి ఇంకా మిగిలేటంత కరెంటును ఇస్తూనే ఉంటుంది.

అలా మిగలడమే మీ సమస్యకు మూలమని నా అభిప్రాయం. మన నగరంలో ఏప్రిల్, మే నెలల రాత్రులను గుర్తు చేసుకోండి. భోజనాలు ముగించి జనమంతా ఒకేసారి ఏసీలు వేసుకునే వేళ సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌కు చేతినిండా పని ఉంటుంది. ఆ పనిలో మరమ్మతు చాలా తక్కువ. ఏ ఫీడర్ మీద ఎంత లోడు ఉంది, ఏ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతోంది, దేని భారాన్ని దేని మీదికి మార్చాలి అన్న లెక్కలే అతని పని. అదే ఆపరేటర్‌కు డిసెంబరు నెల రాత్రి ఒంటిగంటకు కాస్త తెరిపి దొరుకుతుంది. మీ ఆటలో ఇంజినీరుకు రౌండ్ (ఒక విడత ఆట) మొత్తం డిసెంబరే. మీరు అతనికి మే నెలను ఇవ్వాలి.

ఒక లెక్క చూద్దాం. ఇంజిన్ 100 యూనిట్ల కరెంటు ఇస్తుందనుకోండి. ప్రాణవాయువు వ్యవస్థకు 30, ఆసుపత్రికి 20, వర్క్‌షాపుకు 15, వంటగదికీ తోటకీ కలిపి 10, సమాచార, భద్రతా విభాగాలకు 10, ఇంకా పని మొదలుపెట్టని ప్రయోగశాలకు 5 యూనిట్లు కావాలి. అంటే రౌండ్ ఆరంభంలో వాడకం 90, మిగులు 10. అరగంట గడిచేసరికి పరిశోధకుడు తన కొత్త యంత్రాన్ని నడపడానికి మరో 20 అడుగుతాడు. ఇప్పుడు వాడకం 110. ఆ 10 యూనిట్ల లోటు ఉన్నంతసేపూ మీ ఇంజినీరు ఖాళీగా ఉండడు. వర్క్‌షాపును కాసేపు ఆపమని అక్కడివారిని బతిమాలాలా, ఇంజిన్‌ను దాని హద్దు దాటించి నడిపి వేడిని భరించాలా, బయటికి వెళ్లి మరో వరుస సౌర ఫలకాలను బిగించాలా, లేక పరిశోధకుడిని పది నిమిషాలు ఆగమనాలా అన్నది అతనే తేల్చుకోవాలి. ఇందులో ఏదీ తప్పు జవాబు కాదు, ఏదీ ఊరికే వచ్చేదీ కాదు. పైగా ప్రతి దారిలోనూ అతను ఎవరో ఒకరితో మాట్లాడి తీరాలి.

స్పేస్ స్టేషన్ 13లో ఇందుకు పునాది ఇప్పటికే ఉంది. ప్రతి గది గోడకూ ఏపీసీ అనే పెట్టె, దాని లోపల ఒక బ్యాటరీ ఉంటాయి. సరఫరా తగ్గి బ్యాటరీ అడుగంటుతున్న కొద్దీ ఆ పెట్టె ముందు యంత్రాలను, తర్వాత దీపాలను, చిట్టచివరికి గాలి వ్యవస్థను ఆపివేస్తుంది. ఎంతో చక్కని ఏర్పాటు ఇది. అయితే కరెంటు ఎప్పుడూ పుష్కలంగా ఉండడం వల్ల ఆటగాళ్లకు ఇది పని చేసే తీరు అరుదుగా తప్ప కనిపించదు. మీరు కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు, ఉన్నదాన్ని పనిలో పెడితే చాలు.

నిర్ణయం అంటే ఎంత బరువైనదో చెప్పడానికి నిజంగా జరిగిన ఒక సంఘటన చాలు. 1997 జూన్ 25న రష్యా వారి మీర్ అంతరిక్ష కేంద్రాన్ని ప్రోగ్రెస్ అనే సరుకుల నౌక ఢీకొట్టింది. స్పెక్టర్ అనే మాడ్యూల్‌కు, అంటే కేంద్రానికి జతచేసిన గది లాంటి ఒక భాగానికి, చిల్లు పడి గాలి బయటికి పోసాగింది. చేయవలసింది స్పష్టమే, స్పెక్టర్‌కు వెళ్లే ద్వారాన్ని మూసివేయాలి. కానీ ఆ ద్వారం గుండానే కేబుళ్లు వెళ్తున్నాయి, అవి అడ్డుగా ఉండగా తలుపు పడదు. స్పెక్టర్ మీది సౌర ఫలకాల నుంచి కేంద్రానికి కరెంటు వస్తున్నది ఆ దారినే. సిబ్బంది ఊడదీయగలిగిన కేబుళ్లను ఊడదీసి, వీలుకానివాటిని కోసి, ద్వారాన్ని మూసి గాలిని దక్కించుకున్నారు. దాదాపు సగం కరెంటును పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఆగస్టులో సొలొవ్యోవ్, వినొగ్రాదొవ్ అనే వ్యోమగాములు గాలి లేని ఆ మాడ్యూల్‌లోకి స్పేస్ సూట్లతో ప్రవేశించి, కేబుళ్లను కలపడానికి వీలుగా తయారు చేసిన ప్రత్యేకమైన మూతను బిగించి కొంత కరెంటును తిరిగి తెచ్చారు. ఈ ఉదంతంలో మీ ఆటకు కావలసినదంతా ఉంది. కేబుల్‌ను ఏ దారిన లాగాలన్నది నిర్మాణ సమయంలో ఇంజినీరు తీసుకునే చిన్న నిర్ణయం. దగ్గరి దారి అని తలుపు గుండా లాగితే తీగ మిగులుతుంది, కానీ ప్రమాద సమయంలో ఆ తలుపు పడదు. మీ ఆటలో ఈ ఒక్క నియమం పెట్టి చూడండి, తీగ లాగడం అనే విసుగు పుట్టించే పని ఎంత ఆలోచన కోరే పనిగా మారుతుందో మీకే తెలుస్తుంది.

ఇక యంత్రాలు పాడవడం గురించి. అవి పాడవాలి, అందులో సందేహం లేదు. అయితే పాచిక వేసినట్టు పాడవకూడదు. నేను ఈ శీర్షిక రాయడానికి ముందు కొన్నేళ్లపాటు జీడిమెట్లలోని ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ సెక్షన్‌లో షిఫ్టు ఇంజినీరుగా పనిచేశాను. అక్కడ ఒక పెద్ద ఫిట్టర్ ఉండేవారు. ఉదయం షిఫ్టుకు రాగానే ఆయన టీ కూడా తాగకుండా పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి పట్టుకుని పంపుల వరుస వెంట నడిచేవారు. ప్రతి మోటారు దగ్గరా ఆగి, స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ ఉన్న చోట ఆనించి, పిడిని చెవికి అదిమి పెట్టి, కళ్లు మూసుకుని వినేవారు. మంచి బేరింగ్ సన్నగా, ఎడతెగకుండా పలుకుతుంది. గ్రీజు ఎండినది గరగరమంటుంది. గోళీ దెబ్బతిన్నది లయగా టకటకమంటుంది. నన్నూ వినమని పిలిచి, “ఇది ఇంకో వారం లాగుతుంది సార్, అది మాత్రం ఎల్లుండి దాటదు” అనేవారు. ఆయన మాట దాదాపు ఎప్పుడూ తప్పేది కాదు.

మీ ఆటలోనూ ఇంజినీరు నడుముకు స్క్రూడ్రైవర్ ఉంటుంది. దానితో పెట్టెల మూతలు విప్పడమే కాక వినే వీలూ కల్పించండి. ఒక పంపు పాడయ్యే ముందు ఇరవై నిమిషాల పాటు దాని శబ్దం మారుతూ రావాలి. తీగ కాలిపోయే ముందు దాని తొడుగు రంగు నల్లబడాలి. పైపు కీలు ఊడే ముందు దాని మీద మంచు పేరుకోవాలి. శ్రద్ధగా తిరిగే ఇంజినీరు వీటిని ముందే పసిగట్టి, అరనిమిషంలో గ్రీజు పెట్టి సరిచేయగలగాలి. తిరగని ఇంజినీరు మాత్రం పంపు బిగిసిపోయిన తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పదినిమిషాలు కష్టపడాలి. అప్పుడు వరండాల్లో తిరగడం ఖాళీగా తిరగడం కాదు, అదే డ్యూటీ అవుతుంది.

ఆ కర్మాగారంలోనే జరిగిన మరో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది పలువురు కలిసి ఆడే ఆటకు బాగా పనికివస్తుంది. చల్లటి నీటిని పంపే ఒక మోటారులో శబ్దం మారిందని నేను ఒక రాత్రి లాగ్‌బుక్కులో రాసి ఇంటికి వెళ్లిపోయాను. నోటితో ఎవరికీ చెప్పలేదు. తర్వాతి రెండు షిఫ్టుల వారూ ఆ పేజీ తిప్పలేదు. మూడో రోజు తెల్లవారుజామున ఆ మోటారు బిగిసిపోయి, ఒక పూట ఉత్పత్తి ఆగిపోయింది. తప్పు చదవని వారిదే కాదు, చెప్పకుండా వెళ్లిన నాదీ ఉంది. మీ ఆటలో ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లు ఉంటే, వారందరూ రాసి, చదివే ఒక పుస్తకాన్ని ఇంజిన్ గది గోడకు తగిలించండి. ఆలస్యంగా ఆటలో చేరిన ఇంజినీరుకు ఏం చేయాలో తోచకపోవడం అన్న ఇబ్బంది సగం దానితోనే పోతుంది.

చివరగా, మన విద్యుత్ సిబ్బంది అందరికీ తెలిసిన ఎల్‌సీ పద్ధతిని మీ ముందు ఉంచుతున్నాను. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటారు. ఆ లైనులో సరఫరా ఆపివేశామని అక్కడి ఆపరేటర్ చెప్పిన తర్వాతే పని మొదలవుతుంది. పని ముగించి దిగిన మనిషి ఎల్‌సీని తిరిగి అప్పగించేదాకా ఎవరూ స్విచ్ వేయకూడదు. ఈ పద్ధతి తప్పిన చోట ప్రాణాలు పోతాయి. స్పేస్ స్టేషన్ 13లో మాత్రం పసుపు రంగు చేతి తొడుగులు తొడుక్కుంటే కరెంటు ఉన్న తీగనైనా నిశ్చింతగా కోయవచ్చు. దానివల్ల ఇంజినీరు ఒంటరివాడయ్యాడు. ఆ తొడుగులను కొద్దిపాటి కరెంటుకే పరిమితం చేసి, పెద్ద లైన్ల మీద పని చేయాలంటే మరొకరు స్విచ్ దగ్గర నిలబడి ఎల్‌సీ ఇవ్వాలన్న నియమం పెట్టండి. స్విచ్ దగ్గర ఉన్నది ద్రోహి కావచ్చునన్న అనుమానం ఆ ఆటలో ఎలాగూ ఉంటుంది. ఎవరి చేతిలో ప్రాణం పెట్టాలో ఎంచుకోవడం కంటే పెద్ద పని ఇంజినీరుకు ఏం కావాలి?

ఇవన్నీ ఒకేసారి పెట్టకండి. ముందు కరెంటు లోటు ఒక్కటి పెట్టి ఒక గంట ఆడండి. ఆ గంటలో ఇతర పాత్రల వారు ఇంజినీరుతో ఎన్నిసార్లు మాట్లాడారో మీలో ఒకరు కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టండి. ఎన్ని యంత్రాలు బాగుచేశాడన్న లెక్క కంటే ఆ గీతల లెక్కే మీకు దారి చూపుతుంది.

ప్రశ్న: అయ్యా, మేము మిత్రుల కోసం ఇలాంటి ఆట సర్వర్ ఒకటి నడుపుతున్నాం. ఇంజినీర్లకు పని ఉండాలని, పాడైన ప్రతి పెట్టెలోనూ రంగు తీగలను జతపరిచే చిన్న చిక్కుముడి పెట్టాం. మొదటి వారం అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ పెట్టె కనిపిస్తేనే తప్పుకుని పోతున్నారు. మరింత కఠినమైన చిక్కుముడులు పెట్టాలా?
– పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దు. చిక్కుముడి మొదటిసారి ఆలోచన, పదోసారి అలవాటు, యాభయ్యోసారి చాకిరీ. దాన్ని కఠినం చేస్తే చాకిరీ పెరుగుతుంది. పైగా తెర మీద తీగలు జతపరుస్తున్నంతసేపూ ఆ ఆటగాడు పక్కన ఏం జరుగుతోందో చూడడు, ఎవరితోనూ మాట్లాడడు. పలువురు ఆడే ఆటలో అది పెద్ద నష్టం.

ఎలా బాగుచేయాలన్న చిక్కు కన్నా, ఎంతవరకు బాగుచేయాలన్న ప్రశ్న ఆటగాడి ముందు ఉంచండి. ప్రతి మరమ్మతుకూ తాత్కాలికమైనది, శాశ్వతమైనది అని రెండు స్థాయిలు పెట్టండి. తాత్కాలిక మరమ్మతుకు పది సెకన్లు, ఒక టేపు చుట్ట చాలు, కానీ అది ఎంతకాలం ఆగుతుందో పూచీ లేదు. శాశ్వత మరమ్మతుకు ఆ గదిని ఖాళీ చేయించి, సరఫరా ఆపి, వెల్డింగ్ చేయాలి. పని రద్దీలో ఇంజినీరు టేపు వేసి ముందుకు పోతాడు, అలా వేసిన టేపులన్నీ అతని తల మీద బాకీగా పేరుకుంటాయి. ఆ బాకీని ఎప్పుడు తీర్చాలన్న ఆలోచనతోనే అతని మిగతా రౌండ్ గడుస్తుంది.

లోపం ఎక్కడుందో వెతకడాన్ని కూడా మీరు చిన్నచూపు చూడకండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి మెల్లగా తగ్గుతోందని 2019లోనే గమనించారు. 2020లో ఆ లీకు పెరిగింది. సిబ్బంది మాడ్యూళ్ల తలుపులు ఒక్కొక్కటిగా మూసి, ఎక్కడ పీడనం పడిపోతోందో చూసి, చివరికి అది రష్యన్ విభాగంలోని జ్వెజ్దా మాడ్యూల్‌లో ఉందని తేల్చుకున్నారు. ఆ మాడ్యూల్‌లో సరిగ్గా ఏ చోట అన్నది కనిపెట్టడానికి వారు వాడిన పరికరం టీ ఆకులు. టీ సంచి విప్పి ఆకులను గాలిలో వదిలి, కెమెరాలు పెట్టి గమనించారు. బరువు లేని ఆ చోట టీ ఆకులు నెమ్మదిగా తేలుతూ గాలి ఎటు లాగితే అటు పోయి పగులు దగ్గరికి చేరాయి. వెంటనే దాని మీద వేడినీ చలినీ తట్టుకునే కాప్టన్ టేపు అంటించారు. అది తాత్కాలిక మరమ్మతే, ఆ విభాగంలో లీకు ఆ తర్వాత కూడా వేధించింది. మీ సర్వర్‌లో గోడకు చిల్లు పడగానే ఎర్రని గుర్తు చూపించడం మానేయండి. పీడనం తగ్గుతోందన్న సూచన మాత్రం ఇవ్వండి. తలుపులు మూసి చూడడం, తేలికైన వస్తువును గాలిలో వదిలి అది ఎటు కొట్టుకుపోతుందో గమనించడం ఆటగాడికి వదలండి. వంటగదికి వెళ్లి టీ పొడి అడిగే ఇంజినీరును వంటవారు మరిచిపోరు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని. సెలవు రోజుల్లో ఈ ఆట ఆడుతుంటాను. ఇంజినీరు పాత్ర అంటే నాకు ఎంతో ఇష్టం, కానీ ఒకసారి నా పొరపాటు వల్ల సింగులారిటీ బంధనం తెంచుకుని సగం కేంద్రాన్ని మింగేసింది. అందరూ నన్ను తిట్టారు. అప్పటి నుంచి ఆ పాత్ర తీసుకోవాలంటే భయంగా ఉంది. కొత్తవారికి ఇంజినీరు పాత్రలో చోటు లేదా?
– పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీరు బాధపడవలసిన పని లేదండీ. అది మీ ఒక్కరి పొరపాటు కానే కాదు. మొదటి పావుగంటలోనే అత్యంత ప్రమాదకరమైన పని, ఆ తర్వాత ఏమీ లేకపోవడం అన్న అమరికలో కొత్తవారు నేర్చుకునే మెట్లు ఎక్కడున్నాయి? పాత వారు పని అంతా తామే ముగించేస్తారు, కొత్తవారు చూస్తూ నిలబడతారు, ఎవరూ లేని రోజున ఒక్కసారిగా మొత్తం బాధ్యత మీద పడుతుంది.

స్పేస్ స్టేషన్ 14లో టెక్నికల్ అసిస్టెంట్ అనే పాత్ర ఉంది. నేర్చుకునే వారి కోసమే దాన్ని పెట్టారు, మీరు మళ్లీ దానితో మొదలుపెట్టండి. మన వర్క్‌షాపుల్లో హెల్పర్‌గా చేరినవారు మొదట మేస్త్రీకి పానాలు అందిస్తారు, ఆ తర్వాత మీటర్లు చూసి రీడింగులు రాస్తారు, ఎప్పటికో గానీ యంత్రం మీద చేయి వేయరు. ఆటలను రూపొందించే వారు ఈ పాత్రకు నిజమైన పని ఇవ్వాలని ఈ సందర్భంగా కోరుతున్నాను. పైన కూకట్‌పల్లి మిత్రులకు చెప్పిన రీడింగుల పుస్తకం, యంత్రాల శబ్దం వినే నడక, ఎల్‌సీ ఇచ్చే స్విచ్ కాపలా, ఈ మూడూ కొత్తవారు చేయగలిగినవే, చేస్తూ నేర్చుకోగలిగినవే.

మీరు మళ్లీ సింగులారిటీ జోలికి వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ఎమిటర్లకు కరెంటు ఆగితే వాటి కిరణాలు ఆగుతాయి, కిరణాలు ఆగితే క్షేత్రం కూలుతుంది. కేంద్రం మొత్తానికి వెళ్లే లైను మీదనే ఎమిటర్లను కూడా ఉంచితే, ఎక్కడో ఒక తీగ తెగినా ఆ దెబ్బ ఇంజిన్ గదికి తగులుతుంది. అందువల్ల ఎస్‌ఎంఈఎస్ అనే పెద్ద బ్యాటరీలలో ఒకదాన్ని ఎమిటర్లకు మాత్రమే కేటాయించి, ఆ లైనును మిగతా వాటి నుంచి వేరు చేయండి. మన అపార్టుమెంట్లలో లిఫ్టుకు, బోరు మోటారుకు జనరేటర్ నుంచి వేరే లైను లాగినట్టే ఇదీను. ఆ బ్యాటరీ నిండిందో లేదో చూసుకున్న తర్వాతే ఇంజిన్ ప్రారంభించండి.

ప్రశ్న: మా ఆటలో ఇంజినీరుకు నిర్ణయాధికారం ఇచ్చి చూశాం. ఆసుపత్రికి కరెంటు తగ్గించేసరికి వైద్యుడిగా ఆడుతున్న మిత్రుడు అలిగి ఆట నుంచి వెళ్లిపోయాడు. ఒకరికి పని కల్పించడానికి మరొకరి పని చెడగొట్టడం న్యాయమా?
– పాఠకుడు, అత్తాపూర్

జవాబు: ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. మీరు మూసీ ఒడ్డున ఉంటున్నారు కాబట్టి మీకు తెలిసిన ఉదాహరణతోనే జవాబు చెబుతాను. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాల మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం 1790 అడుగులు. గట్టి వానలు పడి నీరు ఆ మట్టాన్ని సమీపిస్తున్నప్పుడు గేట్లు ఎత్తాలా, ఎన్ని ఎత్తాలా, ఎన్ని అడుగుల మేర ఎత్తాలా అన్నది అక్కడి ఇంజినీర్ల నిర్ణయం. ఆ నిర్ణయం వల్ల దిగువన ఉన్నవారికి ఇబ్బంది కలుగుతుంది. అయినా గేట్లు ఎత్తే ముందు లోతట్టు ప్రాంతాల వారిని అప్రమత్తం చేస్తారు, సామాన్లు సర్దుకుని ఎత్తైన చోటికి వెళ్లే వ్యవధి ఇస్తారు. నీటిమట్టం ఎంత ఉందో, ఎంత నీరు వస్తోందో, ఎంత వదులుతున్నారో ఆ అంకెలు వార్తల్లో అందరికీ తెలుస్తూనే ఉంటాయి.

మీ ఆటలో లోపించింది ఆ వ్యవధి, ఆ అంకెలు. మీ మిత్రుడికి కరెంటు తగ్గినందుకు కాక, శస్త్రచికిత్స నడుమ చెప్పాపెట్టకుండా తగ్గినందుకు కోపం వచ్చి ఉంటుంది. ప్రతి విభాగంలోనూ గోడ మీద ఒక బోర్డు పెట్టి, మొత్తం ఉత్పత్తి ఎంత, తమ విభాగం వాటా ఎంత అన్నది అందరికీ కనిపించేలా చేయండి. ఏ విభాగానికైనా సరఫరా తగ్గించాలంటే ఇంజినీరు ముందుగా ప్రకటన చేయాలి, ఆ ప్రకటనకూ కోతకూ మధ్య కనీసం రెండు నిమిషాలు ఉండాలి. ఆ రెండు నిమిషాల్లో వైద్యుడు తన రోగిని బ్యాటరీ మీద నడిచే మంచం మీదికి మార్చుకోవచ్చు, చీఫ్ ఇంజినీరు దగ్గరికి పరుగెత్తి వాదించవచ్చు, తన వంతు ఇస్తానంటూ ముందుకు వచ్చే వంటవారిని వెతుక్కోవచ్చు. కోత అవసరమైనదే అయినా, దానికి ఎదురు చెప్పే అవకాశం అతనికి ఉంటే అది అతని ఆటలో కూడా భాగమవుతుంది.

మరొక మార్పు కూడా అవసరం. ప్రాణాల మీదికి తెచ్చే కోతను ఇంజినీరు ఒక్కడే వేయలేకుండా చేయండి. ఆసుపత్రి, గాలి వ్యవస్థ, ఈ రెండింటి స్విచ్‌లకు రెండు తాళాలు పెట్టి, ఒక తాళం చెవిని ఆ విభాగం వారి దగ్గరే ఉంచండి. మిగతా విభాగాల స్విచ్‌లు ఇంజినీరు చేతిలోనే ఉండనివ్వండి. మీ వైద్య మిత్రుడిని మళ్లీ ఆటకు పిలిచేటప్పుడు ఆ రెండో తాళం చెవి అతని దగ్గరే ఉంటుందని ముందుగానే చెప్పండి.